వ్యక్తిగత ఇంటికి ఒక హద్దు పెట్టండి: పురపాలక శాఖకు తిరుపతి నుంచి బహిరంగ లేఖ

పురపాలక శాఖ అధికారులకు, తిరుపతిలో ఇళ్ల ప్లాన్లు చూసే పట్టణ ప్రణాళిక విభాగం వాళ్లకు నమస్కారం.

అడగాల్సింది ముందే అడిగేస్తా, తర్వాత కారణాలు చెప్తా. వ్యక్తిగత నివాస గృహం అని చెప్పి అనుమతి తీసుకునే ప్రతి ఇంటికీ, స్థలం ఎంతో చూసి, అన్ని అంతస్తులూ కలిపి ఇన్ని చదరపు అడుగులకు మించి కట్టకూడదని ఒక హద్దు పెట్టండి. ఇప్పుడున్న నిబంధనల్లో, అంటే 2017 నాటి ఏపీ బిల్డింగ్ రూల్స్‌లో, మామూలు ఇంటికి రోడ్డు వెడల్పు చూస్తారు, ఎత్తు చూస్తారు, చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్ చూస్తారు. మొత్తం విస్తీర్ణానికి స్థలంతో ముడిపెట్టిన పై హద్దు మాత్రం లేదు. ఉమ్మడి రాష్ట్రంలో ఉండగా 2006లో హైదరాబాద్‌కు ఎఫ్ఎస్ఐ లెక్క (స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న హద్దు) తీసేశారు, ఆ పద్ధతే తర్వాత మిగతా ఊళ్లకూ పాకింది. హైదరాబాద్‌లో అది మంచికో చెడ్డకో అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఇరవై అడుగుల సందులో ఇల్లు కట్టుకున్న తిరుపతి వాళ్లం మాత్రం దాని ఫలితం రోజూ చూస్తున్నాం.

కాస్త లెక్క చెప్పనివ్వండి. మా ఊళ్లో స్థలం గజాల్లో కంటే అంకణాల్లోనే తెలుస్తుంది, తిరుపతి అంకణం అంటే 36 చదరపు అడుగులు (నెల్లూరు అంకణం దీనికి రెట్టింపు, ఆ తేడా తెలియక స్థలం కొని తల పట్టుకున్నవాళ్లు ఉన్నారు, అది వేరే కథ). మధ్యతరగతి మనిషి కొనుక్కునేది సాధారణంగా 40 అంకణాలు. అంటే 1440 చదరపు అడుగులు, 30 అడుగుల వెడల్పు, 48 అడుగుల పొడవు అనుకుందాం. ముందు మీటరున్నర, మిగతా మూడు పక్కలా మీటరు చొప్పున వదిలి కడితే ఒక్కో అంతస్తుకు 930 చదరపు అడుగులు వస్తుంది. కిందొకటి, పైన రెండు, మొత్తం మూడు అంతస్తులు వేస్తే 2800కు అటూ ఇటూ. అంటే స్థలానికి రెండు రెట్ల కంటే కొంచెం తక్కువ. రూలు ప్రకారం కట్టుకునే నిజాయితీపరుడు ఎంత సాగదీసినా వచ్చేది ఇంతే.

అదే 40 అంకణాల్లో ఇప్పుడు జరుగుతున్నది చూడండి. ముందు మూడడుగులు వదిలినట్టు కనపడుతుంది, ఆ మూడడుగుల మీదా బాల్కనీ వచ్చేస్తుంది. పక్కల్లో, వెనక ఏమీ వదలరు, పక్కింటి గోడకు పిల్లర్ ఆనించి లేపుతారు. అంతస్తుకు 1350 చొప్పున ఐదు అంతస్తులు, 6750 చదరపు అడుగులు. స్థలానికి నాలుగున్నర రెట్లు దాటింది. దీని మీద పెంట్‌హౌస్, వాటర్ ట్యాంకు, సెల్ టవర్ వస్తే అది ఎక్స్‌ట్రా. కాగితంలో మాత్రం ఇది వ్యక్తిగత నివాస గృహం. లోపల గోడకు డజను కరెంటు మీటర్లు ఉంటాయి, మెట్ల కింద ఒక టేబులు, టేబులు మీద రిజిస్టరు, గేటు మీద రూముల బోర్డు. ఏ కుటుంబం సార్ ఇది?

తిరుపతి కాబట్టి ఈ సమస్య ఇంత ముదిరింది. కొండకు రోజూ అరవై, డెబ్భై వేల మంది వస్తారు. వాళ్లలో కొంతమందికే దేవస్థానం గదులు దొరుకుతాయి, మిగిలినవాళ్లు ఎక్కడో ఒకచోట పడుకోవాలి కదా. దానికి తోడు యూనివర్సిటీలు, మెడికల్ కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, వాటికొచ్చే పిల్లలకు హాస్టళ్లు. గది కట్టినవాడికి గది ఖాళీ ఉండదు. అందుకని కొర్లగుంట అయినా, జీవకోన అయినా, ఎమ్మార్‌పల్లి, ఎయిర్ బైపాస్ వెనక కాలనీలైనా, ఇల్లు కడుతున్నానంటే పక్కింటివాడి మొదటి ప్రశ్న ఎన్ని గదులు వేస్తున్నావన్నదే. యాత్రికులకు చోటు ఉండకూడదని నేను అనటం లేదు, వాళ్లతోనే ఈ ఊరు బతుకుతోంది. లాడ్జి కట్టాలనుకున్నవాడు లాడ్జి అని చెప్పి, దానికి తగ్గ రోడ్డు మీద, దానికి తగ్గ పార్కింగు, అగ్నిమాపక అనుమతి పెట్టుకుని కట్టాలి. ఇంటి ప్లాను తీసుకుని, ఇంటి పన్ను కడుతూ లాడ్జి నడిపేవాడు ఆ ఖర్చంతా వీధిలో ఉన్న మిగతావాళ్ల నెత్తిన వేస్తున్నాడు.

ఏం ఖర్చు అంటారా. నీళ్లు తీసుకోండి. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అని ప్రభుత్వాలు వేసుకునే లెక్క ఉంది కదా. రెండు కుటుంబాలు, పది మంది ఉండే ఇంటికి 1350 లీటర్లు చాలు. పదిహేను గదులు, గదికి ముగ్గురు అనుకుంటే ఆరు వేల లీటర్లు దాటుతుంది, అందులోనూ కొండ దిగి వచ్చినవాళ్లు రెండుసార్లు స్నానం చేస్తారు. మనకు వచ్చేది కళ్యాణి డ్యాం నీళ్లు, కండలేరు నుంచి వచ్చే తెలుగుగంగ నీళ్లు. ఎండాకాలం వస్తే ఈ నీళ్లకే వీధిలో పంచాయితీ. డజను గదుల మిద్దె ఉన్నాయన మోటారు బిగించి లాగేస్తే సందు చివరి ఇంటికి కుళాయిలో గాలి వస్తుంది. డ్రైనేజీ పైపు కూడా అంతే, వీధిలో ఇరవై ఇళ్లుంటాయని వేసిన పైపు అది. ఇరవై ఇళ్లూ ఇరవై హాస్టళ్లయితే మ్యాన్‌హోల్ పొంగక ఏం చేస్తుంది. పొంగినప్పుడు వచ్చి దిగేది పారిశుద్ధ్య కార్మికుడు, ఆ బిల్డింగు ఓనరు కాదు. ఆయన చాలాసార్లు ఆ వీధిలోనే ఉండడు.

పార్కింగు గురించి పెద్దగా రాయను, అందరికీ తెలిసిందే. తెల్లవారుజామున మూడు గంటలకు సందులోకి టెంపో ట్రావెలర్ రివర్సు వచ్చే శబ్దం మా పిల్లలకు అలారం అయిపోయింది.

వానల సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. 2021 నవంబరులో ఈ ఊరు ఎట్లా మునిగిందో మీ రికార్డుల్లో ఉంటుంది. కపిలతీర్థం వైపు నుంచి కొండనీళ్లు ఎట్లా దూకాయో, వీధుల్లో కార్లు, బైకులు ఎట్లా కొట్టుకుపోయాయో దేశమంతా టీవీల్లో చూసింది. అన్నిటికీ ఇళ్ల సైజే కారణమని నేను చెప్పను, అంత వాన పడితే ఏ ఊరైనా కష్టపడుతుంది, చెరువులు, వంకలు పూడ్చిన పాపం పెద్దది. కానీ కొండ కింద ఊళ్లో ప్రతి స్థలం గోడ నుంచి గోడ దాకా సిమెంటే అయితే పడిన నీళ్లకు రోడ్డు తప్ప దారి ఎక్కడుంది? సెట్‌బ్యాక్ అంటే గాలికి, వెలుతురుకే అనుకుంటారు, ఆ మూడడుగుల మట్టే నీళ్లను కూడా తాగుతుంది. ఇంకుడు గుంత రూలు ఉంది, ప్లానులో గుండ్రంగా గీస్తారు కూడా. దాని మీద మోటారు షెడ్డో జనరేటరో ఉంటుంది.

ఇప్పుడు కొత్తగా ఇంకో నష్టం వచ్చింది. 2024 నుంచి కేంద్రం సూర్య ఘర్ పథకం కింద ఇంటి మీద సోలార్ పెట్టుకోమంటోంది, మూడు కిలోవాట్లు పెడితే 78 వేల సబ్సిడీ. మంచి పథకం, మా వీధిలో కొందరు అప్పు చేసి మరీ పెట్టుకున్నారు. రెండంతస్తుల ఇంటికి దక్షిణం పక్క గోడకు ఆనుకుని ఐదంతస్తులు లేస్తే చలికాలంలో ఆ ప్యానెళ్లకు ఎండ ఎన్ని గంటలు తగులుతుంది? ఒక పక్క సబ్సిడీ ఇచ్చి మిద్దె మీద పెట్టించి, ఇంకో పక్క ఆ మిద్దెకు ఎండ రాకుండా చేసే ఇంటిని చూసీ చూడనట్టు ఊరుకుంటే ఆ డబ్బు ఎవరిది పోయినట్టు?

మీరు అనొచ్చు, ఎత్తుకూ సెట్‌బ్యాక్‌కూ రూలు ఉండనే ఉంది, దాన్ని అమలు చేస్తే చాలు, ఇంకో అంకె ఎందుకని. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఏమిటంటే, సెట్‌బ్యాక్ కొలవాలంటే నాలుగు వైపులా టేపు పట్టుకుని తిరగాలి, పక్కింటి గోడ ఎవరిదో తేల్చాలి, సజ్జ ఎంత బయటికి వచ్చిందో చూడాలి, ప్రతి దాని మీదా వాదన ఉంటుంది. మొత్తం విస్తీర్ణం అట్లా కాదు. స్లాబుకు ఎంత, స్లాబులు ఎన్ని, అంతే. ఆస్తి పన్నుకు కొలిచేటప్పుడు ఆ అంకె ఎట్లాగూ రాస్తారు, రిజిస్ట్రేషనప్పుడు రాస్తారు, బ్యాంకువాడు లోన్ ఇచ్చేటప్పుడు రాస్తాడు. అన్ని చోట్లా ఉన్న అంకెకు ఒక్క హద్దే లేదు. సెట్‌బ్యాక్ తీసేయమని నేను అనటం లేదు, రెండూ ఉండాలి. సెట్‌బ్యాక్‌లో అరడుగు తేడాను డీవియేషన్ అని సర్దుకోవచ్చు, రెండు రెట్లు ఉండాల్సింది నాలుగున్నర రెట్లుంటే దాన్ని తేడా అని ఎవరూ అనలేరు.

ఒక మాట పక్కకు పోయి చెప్తాను. మన జనం రూలు పాటించరు అని అధికారులు విసుక్కుంటుంటారు కదా, అది పూర్తిగా నిజం కాదు. ఈశాన్యం మూల నాలుగంగుళాలు తగ్గిందని సిద్ధాంతి చెప్తే లేచిన గోడ పడగొట్టి మళ్లీ కట్టుకుంటారు. తూర్పు, ఉత్తరం ఎక్కువ ఖాళీ వదలమంటే ఏడుస్తూనైనా వదులుతారు. అది తప్పితే ఇంటికి కీడని నమ్ముతారు కాబట్టి. మీ రూలు తప్పితే ఏమవుతుందో కూడా జనానికి బాగా తెలుసు. బీపీఎస్ వస్తుంది, అంటే రూలు తప్పి కట్టినదాన్ని అపరాధ రుసుము కట్టించుకుని సక్రమం చేసే పథకం.

అక్కడే అసలు జబ్బు ఉంది. 2007లో బీపీఎస్, 2015లో బీపీఎస్, 2019లో మళ్లీ, 2025లో ఇంకోసారి. ప్రతిసారీ ఇదే ఆఖరు అన్నట్టే మాట్లాడతారు. సెట్‌బ్యాక్ వదిలి, మూడు అంతస్తులతో ఆగినవాడు పక్కింటిని చూసి నేనెందుకు ఆగానని తిట్టుకుంటాడు, ఇంట్లో భార్య చేత మాట కూడా పడతాడు. ఐదు అంతస్తులు లేపినవాడు రెండేళ్ల బాడుగతో అపరాధ రుసుము కట్టేసి దర్జాగా ఉంటాడు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ విషయం మీద గట్టిగానే చెప్పింది. మంజూరైన ప్లాను కట్టే చోట అందరికీ కనపడేలా పెట్టాలని, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లు ఇవ్వాలని. మన సందుల్లో పునాది తీసేచోట ప్లాను అతికించిన బోర్డు మీకెన్ని కనపడ్డాయో ఒకసారి గుర్తు చేసుకోండి. దిష్టిబొమ్మ మాత్రం ప్రతి చోటా ఉంటుంది.

2025లో 18 మీటర్ల ఎత్తులోపు భవనాలకు ఎల్టీపీ (లైసెన్సున్న ఇంజనీరో, ఆర్కిటెక్టో) ధ్రువీకరిస్తే చాలన్న పద్ధతి తెచ్చారు. ఫైలు టేబులు టేబులుకూ తిరగకుండా అయితే సంతోషమే, ప్లాను కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన ఎవరైనా దీన్ని కాదనరు. అయితే మనిషి తనిఖీ తగ్గినప్పుడు రూలు ఇంకా సులువుగా, కొలిస్తే వెంటనే తేలిపోయేలా ఉండాలి. స్వీయ ధ్రువీకరణ ఇచ్చినచోటే మొత్తం విస్తీర్ణం హద్దు ఎక్కువ అవసరం. ఆ 18 మీటర్ల మాట విన్న మేస్త్రీలు ఇంకేముంది ఐదు స్లాబులు ఫ్రీ అని చెప్పి ఇంటివాళ్లను ఎక్కిస్తున్నారు. చిన్న స్థలానికి ఎత్తు హద్దు వేరే ఉంటుందని చెప్పేవాడు లేడు.

పక్కనే చెన్నై ఉంది, మన బస్సులో మూడు నాలుగు గంటలు. తమిళనాడు 2019లో రాష్ట్రమంతటికీ కలిపి రాసుకున్న నిబంధనల్లో మామూలు ఎత్తు భవనాలకు స్థలానికి రెండు రెట్లు అని ఎఫ్ఎస్ఐ పెట్టింది. నేను పైన వేసిన 40 అంకణాల లెక్కలో వచ్చిందీ అదే రెండు. అక్కడ అంతా సక్రమంగా ఉందని కాదు, అక్కడా ఉల్లంఘనలు బోలెడు, కానీ కోర్టుకు పోయినవాడికి చూపించటానికి ఒక అంకె ఉంది.

అమెరికాలో మన పిల్లలుండే ఊళ్లలో కూడా ఈ గొడవ ఉంది, వేరే రూపంలో. లాస్ ఏంజెలెస్‌లో చిన్న పాత ఇళ్లు కొని పడగొట్టి స్థలం నిండా పెద్ద బంగళాలు లేపుతున్నారని వీధుల్లోవాళ్లు గోల పెడితే, 2008లో ఒక్క కుటుంబం ఉండే ఇళ్లకు స్థలాన్ని బట్టి సైజు హద్దు పెట్టారు. పెట్టి, ఫలానా పద్ధతిలో కడితే ఇంకో 20 శాతం ఎక్కువ కట్టుకోవచ్చని బోనసు ఇచ్చారు. ఏమైంది, బోనసు ఉంది కాబట్టి బోనసు కలుపుకునే కట్టారు, పెద్ద బంగళాలు ఆగలేదు. 2017లో ఆ బోనసు పీకేసి, మామూలు ఇళ్ల ప్రాంతాల్లో స్థలంలో 45 శాతానికి దించారు. ఆ 45 శాతం ఇక్కడికి తెచ్చి పెట్టమని నేను అడిగితే మా వీధివాళ్లే నన్ను కొడతారు, వాళ్ల స్థలాలు వేరు, మన అంకణాలు వేరు. నేర్చుకోవాల్సింది బోనసు సంగతి. మన దగ్గర ఆ కంతలు ఇప్పటికే ఉన్నాయి. స్టిల్ట్ (పార్కింగుకని గోడల్లేకుండా పిల్లర్ల మీద వదిలే కింది అంతస్తు) ఎత్తు లెక్కలోకి రాదు, కాబట్టి స్టిల్ట్ వేస్తారు, ఆరు నెలలకు దానికి గోడలు లేచి షట్టర్లు వస్తాయి. పెంట్‌హౌస్ అంతస్తు కిందికి రాదంటారు. రోడ్డుకు స్థలం ఇచ్చానని, టీడీఆర్ బాండు (స్థలం ఇచ్చినవాళ్లకు బదులుగా ఇచ్చే, అమ్ముకోగల అదనపు కట్టడం హక్కు) కొన్నానని ఇంకో అంతస్తు. (టీడీఆర్ మాట తిరుపతిలో ఎత్తితే టీ కొట్టు దగ్గర కూడా అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, అందుకని ఇంతటితో ఆపుతా.) హద్దు పెడితే గోడ కట్టిన ప్రతి అడుగూ అందులోకి రావాలి, స్టిల్ట్‌కు మూడు పక్కలా గోడ లేస్తే అదీ రావాలి.

నా మాటకు ఎదురు చెప్పేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. మా మామ అంటాడు, ఇద్దరు కొడుకులకు చెరో అంతస్తు ఇయ్యాల, మూడోది బాడుగకిస్తే మాకు ముసలితనంలో అన్నం, దానికి కూడా నువ్వు అడ్డమా అని. అడ్డం కాదు మామా, ఆ మూడూ రెండు రెట్ల లోపే వస్తాయి, పైన లెక్క వేసింది అందుకే. పెన్షన్ లేని మనిషికి పై అంతస్తు బాడుగే ఆధారం, ఆ సంగతి తెలియని వాళ్లు రూలు రాస్తే అది ఇంకో రకం అన్యాయం. అందుకని 15, 20 అంకణాల్లో ఉన్నవాళ్లకు హద్దు రెండు దగ్గర కాక రెండున్నర దగ్గర పెట్టండి, వాళ్లు మీటరు వదిలితే గదిలో మంచం పట్టదు. పెద్ద స్థలాలకు, అంటే 100 అంకణాలు దాటినవాటికి, తగ్గించండి, అంత స్థలం ఉన్నవాడికి రెండు రెట్లు అంటే 7200 చదరపు అడుగుల ఇల్లు, ఏ కుటుంబానికి కావాలి అంత? ఇంట్లో ఎంతమంది ఉండాలి, చుట్టాలెంతమంది రావాలి అని మాత్రం లెక్క పెట్టకండి. మన ఇళ్లల్లో బ్రహ్మోత్సవాలకు పాతిక మంది దిగుతారు, అది మీకు సంబంధం లేని విషయం.

గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పాత వీధులకు మాత్రం ఇదే కొలబద్ద పెట్టొద్దు. అక్కడి పాత తొట్టికట్టు ఇళ్లు పక్కింటితో గోడ కలుపుకునే కట్టారు, సెట్‌బ్యాక్ అన్న ఊసే లేదు, అయినా ఊపిరాడేది. వెలుతురూ గాలీ ఇంటి నడుమ తొట్టిలోంచి వచ్చేవి, పైన ఇంకో మిద్దె లేకపోబట్టి. ఇప్పుడు ఆ తొట్టి మూసేసి దాని మీద నాలుగు అంతస్తులు వేస్తే లోపలి గదులు పగలే చీకటి. అక్కడ పక్కలకు ఖాళీ అడిగితే ఎవరూ ఇవ్వలేరు, మొత్తం విస్తీర్ణం హద్దు ఒక్కటే పని చేస్తుంది, నడుమ ఖాళీ ఉంచినవాడికి పన్నులో కాస్త తగ్గింపు ఇస్తే ఇంకా మంచిది.

ఇప్పటికే కట్టేసినవి పడగొట్టమని నేను అడగటం లేదు. అది జరగదు, జరిగినా చివరికి నలిగేది కింద గదిలో బాడుగకున్న నర్సో, డ్రైవరో. ఒక తేదీ పెట్టండి, ఆ తేదీ తర్వాత హద్దు దాటిన చదరపు అడుగు ఏ బీపీఎస్‌లోకీ రాదని చట్టంలోనే రాయండి, జీవోలో కాదు, జీవో ఇంకో జీవోతో పోతుంది. ఇల్లు అని ప్లాను తీసుకున్నచోట నాలుగో కరెంటు మీటరుకు దరఖాస్తు వస్తే ఆ సమాచారం ప్లానింగ్ విభాగానికి దానంతటదే చేరేలా చూడండి, రెండు శాఖల మధ్య ఆ ఒక్క సమాచారం నడిస్తే సగం లాడ్జీలు మొదట్లోనే తెలిసిపోతాయి. గదులు అద్దెకిస్తున్న ఇంటికి వ్యాపార పన్ను వేసి ఊరుకోకండి, పన్ను కట్టాడు కదా అని అదే అనుమతి అయిపోతుంది.

ఒకటి మాత్రం మర్చిపోవద్దు. ముసాయిదా తయారు చేస్తే దాన్ని తెలుగులో ఇవ్వండి, అంకణాల్లో ఒక పట్టిక వేసి ప్రతి వార్డు సచివాలయం గోడకు అతికించండి, అభ్యంతరాలకు కనీసం నెల రోజులు గడువు ఇవ్వండి, ఆ నెల బ్రహ్మోత్సవాల నెల కాకుండా చూడండి. మా వీధి నుంచి అభ్యంతరాలు చాలా వస్తాయి, అందులో మా మామది మొదటిది.

ఇట్లు,
40 అంకణాల్లో మూడు స్లాబులతో ఆగిన ఒక ఇంటి ఓనరు,
తిరుపతి